సైరన్ చెప్పే మాట



2025 జూన్ నెలలో ఒక ఆదివారం, ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటున్న వేళ, మెట్‌పల్లి దగ్గరి ఒక పల్లె నుండి వచ్చే తల్లి మమ్మల్ని చర్చి మెట్ల దగ్గర ఆపింది. ఆమె కొడుకు ఇశ్రాయేలు దేశంలో ఒక వృద్ధునికి సేవ చేసే పనిలో ఉన్నాడు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుండి గల్ఫుకు పోయినవారు ఎందరో ఉన్నట్టే, ముసలివారిని చూసుకొనే పనికి ఇశ్రాయేలుకు పోయినవారూ ఉన్నారని మీకు తెలుసు. ఆ నెల 13వ తేదీ నుండి 12 రోజుల పాటు ఇశ్రాయేలు, ఇరాను దేశాల మధ్య క్షిపణుల యుద్ధం నడిచింది. ఇక్కడ మన ఇళ్లలో తల్లులకు నిద్ర లేదు.

"అన్నా, రాత్రి పిల్లగాడు ఫోన్ల మాట్లాడుతుండంగనే సైరన్ మోగింది" అన్నది ఆమె. "మన చెరుకు ఫ్యాక్టరీ కూత లెక్క సక్కగ లేదది. ఏడ్చినట్టు మీదికి పోవుడు, కిందికి వచ్చుడు. 'అమ్మా, మల్ల చేస్త' అని ఫోన్ పెట్టేసిండు. నాకు కాళ్లు చేతులు ఆడలే. అర్ధగంటకు మల్ల చేసి, 'ముసలాయనను కుర్చీల కూసోబెట్టుకొని షెల్టర్లకు పోయినమమ్మా, మంచిగున్నం' అన్నడు. ఆ సైరన్ అట్లెందుకు మోగుతది అన్నా? దాన్ని ఇని ఏం జెయ్యాలెనో వాళ్లకెట్ల ఎరుక?"

ఆమె రెండు ప్రశ్నలు అడిగింది. ఒకటి ఆ యంత్రం గురించి, రెండవది మనుషుల గురించి. రెండూ మంచి ప్రశ్నలే. వాటి జవాబు ఈ నెల మన పేజీలో రాస్తామని ఆమెకు మాట ఇచ్చాము. చదివి తెలుసుకొన్నదీ, పెద్దలను అడిగి తెలుసుకొన్నదీ మీ ముందు పెడుతున్నాము.

మన ప్రాంతంలో నడివయసు దాటినవారికి సైరన్ అంటే గడియారమే. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చుట్టుపక్కల పల్లెలకు ఆ కూతే వేళ చెప్పేది. షిఫ్టు మారిందని ఒకరు, బడికి ఆలస్యమైందని ఒకరు, ఎడ్లను విప్పాలని మరొకరు ఆ కూతతోనే తెలుసుకొనేవారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడి, ఆ కూత ఆగింది. గోదావరిఖని, బెల్లంపల్లి వైపు చుట్టాలు ఉన్నవారికి సింగరేణి గనుల సైరన్ సంగతీ తెలుసు. అక్కడ పొయ్యి మీద అన్నం పెట్టడం కూడా సైరన్ లెక్కనే.

పని వేళ చెప్పే కూత తిన్నగా, ఒకే ఎత్తున ఉంటుంది. దాన్ని విని ఎవరూ పరుగెత్తరు. ఆ తల్లి విన్నది వేరు. అది ఎందుకు ఎక్కి దిగుతుందో తెలియాలంటే ముందు సైరన్ కడుపులో ఏముందో చూడాలి.

చిన్నప్పుడు మనలో చాలామంది సైకిలు చక్రం స్పోకులకు అట్టముక్క తగిలించి తొక్కినవాళ్లమే. మెల్లగా తొక్కితే టక్ టక్ అని విడివిడిగా వినపడుతుంది. వేగం పెంచితే ఆ టక్‌టక్‌లు కలిసిపోయి బుర్రుమనే ఒకే ధ్వని అవుతుంది. ఇంకా వేగంగా తొక్కితే ఆ ధ్వని సన్నబడి పైకి పోతుంది. సైరన్ రహస్యమంతా ఇదే. అట్టముక్కకు బదులు అక్కడ గాలిని కొడతారు.

ఒక రేకు డబ్బా లోపల ఇంకో డబ్బా ఉన్నదనుకోండి. బయటి డబ్బా కదలదు. లోపలి డబ్బా మోటారు ఇరుసుకు బిగించి ఉంటుంది. రెండింటికీ చుట్టూ కిటికీల్లాంటి రంధ్రాలు ఉంటాయి. లోపలి డబ్బాలో ఫ్యాను రెక్కల వంటి రేకులు కూడా ఉంటాయి. మోటారు తిరిగితే ఆ రెక్కలు గాలిని లోపలికి లాగి బయటికి విసురుతాయి. లోపలి కిటికీ బయటి కిటికీకి ఎదురుగా వచ్చినప్పుడు గాలి ఒక్క ఊపున బయటికి తన్నుకొస్తుంది. కిటికీ తప్పుకోగానే దారి మూసుకుపోతుంది. తెరుచుకోవడం, మూసుకోవడం సెకనుకు కొన్ని వందలసార్లు జరిగితే అది మన చెవికి కూతగా వినపడుతుంది.

రైతు కుటుంబాల వారికి లెక్క కూడా చెబుతాము. మీ బావి మీది మోనోబ్లాకు మోటారు పలక చూడండి. చాలావాటి మీద నిమిషానికి 2,880 చుట్లు అని రాసి ఉంటుంది. అంటే సెకనుకు 48 చుట్లు. అలాంటి మోటారుకు 10 కిటికీల డబ్బా బిగిస్తే సెకనుకు 480 సార్లు గాలి తన్నుతుంది. 12 కిటికీల డబ్బా బిగిస్తే 576 సార్లు. కిటికీలు ఎక్కువైనా, వేగం ఎక్కువైనా స్వరం పైకి పోతుంది.

ఈ ఉపాయం చాలా పాతది. 18వ శతాబ్దం చివర స్కాట్లాండు దేశస్థుడు జాన్ రాబిసన్ గాలిని ఇలా తెంచి తెంచి వదిలి స్వరం పుట్టించాడు. 1819లో ఫ్రాన్సుకు చెందిన కాన్యార్ ద లా తూర్ రంధ్రాల పళ్లెాలతో దాన్ని బాగుచేసి సైరన్ అని పేరు పెట్టాడు. ఆ యంత్రం నీళ్లలో ముంచినా పాడుతుంది. గ్రీకుల పాతకథల్లో సైరన్లు అనే సముద్ర స్త్రీలు తీయగా పాడి ఓడవారిని రాళ్ల మీదికి లాగేవారట. ఆ పేరే దీనికి వచ్చింది. కథలో ప్రాణం తీసిన పేరు, ఈనాడు ప్రాణం కాపాడే యంత్రానికి ఉన్నది.

ఇప్పుడు ఆ తల్లి మొదటి ప్రశ్నకు వద్దాం. మోటారు వేసిన వెంటనే పూర్తి వేగం రాదు. మెల్లగా మొదలై వేగం అందుకుంటుంది. అందుకే సైరన్ బొంగురుగా మొదలై పైకి ఎక్కుతుంది. కరెంటు ఆపగానే ఒక్కసారిగా ఆగదు. బరువైన డబ్బా తిరుగుతూ తిరుగుతూ నెమ్మదిస్తుంది, స్వరం కిందికి దిగుతుంది. పూర్తిగా ఆగకముందే మళ్లీ కరెంటు ఇస్తే మళ్లీ ఎక్కుతుంది. ఇలా వేస్తూ ఆపుతూ ఉంటే ఆ ఏడుపు వంటి మోత వస్తుంది. కరెంటు ఆపకుండా ఉంచితే తిన్నని కూత. ఒకే యంత్రం, ఒకే మీట, రెండు మాటలు. ఈ రోజుల్లో చాలా దేశాల్లో లౌడ్‌స్పీకర్లతోనే సైరన్ ధ్వని పుట్టిస్తున్నారు. అయినా ఎక్కి దిగే ఆ రాగం పాత మోటారు నుండి నేర్చుకొన్నదే.

ఐరోపాలో ఈ పాత సైరన్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఉన్నారంటే మీకు వింతగా ఉండవచ్చు. మనవాళ్లు పాత బండ్లను, పాత రేడియోలను దాచుకొన్నట్టే వాళ్లు సైరన్లను దాచుకుంటారు. అమెరికా, రష్యా పక్షాల మధ్య 40 ఏళ్లకు పైగా నడిచిన ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక, 1990ల్లో బ్రిటన్, జర్మనీ దేశాలు ఎన్నో సైరన్లను మిద్దెల మీది నుండి దింపేశాయి. అలా దింపినవాటిని ఈ మనుషులు తెచ్చుకొని, తుప్పు గీకి, బేరింగులు మార్చి, రంగు వేసి, ఏ దేశపు సైరన్ మేలైనదని వాదించుకుంటారు. ఆ వాదన వింటే మనకూ కొంత జ్ఞానం వస్తుంది.

బ్రిటన్ పక్షం వారు రెండు స్వరాల సైరన్‌ను మెచ్చుకుంటారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నెల్సన్ పట్టణపు కార్టర్, లెస్టర్ పట్టణపు జెంట్స్ వంటి కంపెనీలు తయారుచేసిన సైరన్లలో మోటారుకు రెండు కొసలా రెండు డబ్బాలు ఉండేవి. ఒకదానికి 10 కిటికీలు, ఇంకోదానికి 12. మోటారు ఒకటే కనుక రెండు స్వరాలు జోడెడ్ల లాగా కలిసి ఎక్కి కలిసి దిగుతాయి. మీ చర్చిలో హార్మోనియం ఉంటే 'స', దానిపై సాధారణ గాంధారం కలిపి నొక్కి చూడండి. దుఃఖం కలిసిన ఆ ధ్వనే లండను నగరం మీద మోగినది. మామూలు ఫ్యాక్టరీ కూతలు ఒకే స్వరంలో ఉంటాయి కనుక, రెండు స్వరాల కూత వాటిలో కలిసిపోదని ఈ పక్షం వారి మాట.

జర్మనీ పక్షం వారు ఇ57 అనే సైరన్‌ను పొగుడుతారు. దానికి స్వరం ఒకటే, సెకనుకు సుమారు 420 కంపనాలు. మోటారు 5 కిలోవాట్లది, అంటే మన 5 హెచ్.పి. మోటారు కంటే కొంచెం పెద్దది. పైన పుట్టగొడుగు వంటి రేకు కప్పు ఉంటుంది. వాన, మంచు లోపలికి పోకుండా అది కాపాడుతుంది. ధ్వనిని ఆకాశంలోకి పోనివ్వకుండా వీధుల వైపు వంచుతుంది. ఒక్క డబ్బా, ఒక్క మోటారు, తక్కువ భాగాలు. పాడయ్యేది తక్కువ, బాగుచేయడం సులువు అని వీరి మాట.

స్వీడన్‌లో ఇంకో దారి తొక్కారు. అక్కడి పాత హెచ్చరిక కొమ్ము గాలి పీడనంతో మోగేది. దాని బొంగురు ధ్వనిని బట్టి ప్రజలు దానికి 'బొంగురు ఫ్రెడ్రిక్' అని పేరు పెట్టుకొన్నారు. స్టాక్‌హోంలో దాన్ని మొదట పరీక్షించిన రోజుల్లో ఆస్కార్ ఫ్రెడ్రిక్ రిద్‌క్విస్ట్ అనే పత్రికా రచయితకు గొంతు పోయిందట, అందుకని ఆ పేరు. తొట్టిలో గాలిని ముందే నింపి ఉంచుతారు కనుక మీట తిప్పగానే పూర్తి గొంతుతో మోగుతుంది. మోటారు వేగం అందుకొనేదాకా ఆగనక్కరలేదు. కానీ తొట్టి, గొట్టాలు, కవాటాలు, గాలి నింపే యంత్రం ఇవన్నీ బాగుండాలి.

చేతితో తిప్పే సైరన్ వీటన్నింటిలో చిన్నది. పండ్ల చక్రాల వల్ల చేతి పిడి ఒక్క చుట్టు తిరిగితే లోపలి డబ్బా ఎన్నో చుట్లు తిరుగుతుంది. దాని కూత పెద్ద సైరన్ అంత దూరం పోదు. కానీ కరెంటు లేని రాత్రి, గాలివాన రాత్రి, అదే పనికి వస్తుంది. మన పల్లెల్లో గాలివానకు మొదట పోయేది కరెంటే కదా!

ఈ వాదనల్లో ఒక సంగతి మీద మాత్రం అందరూ ఏకమవుతారు. మరీ సన్నని స్వరం పనికిరాదు. సన్నని ధ్వనిని గాలి తొందరగా మింగేస్తుంది, లావు ధ్వని దూరం పోతుంది. వయసు పైబడినవారి చెవికి మొదట అందకుండా పోయేవి కూడా సన్నని స్వరాలే. ముసలివారికి వినపడని హెచ్చరిక సగం హెచ్చరికే. కనుక ఏ దేశంలో చేసినా మంచి సైరన్ స్వరం నడిమి ఎత్తులోనే ఉంటుంది.

ఇక ఆ తల్లి రెండవ ప్రశ్న. విన్నవారికి ఏం చేయాలో ఎట్లా తెలుసు? ఏ సైరన్ గొప్పదన్న వాదన కంటే ఇది పెద్ద ప్రశ్న.

యుద్ధకాలపు బ్రిటన్‌లో ఎక్కి దిగే మోతకు ప్రమాదం అని అర్థం. తిన్నని కూతకు ప్రమాదం తొలగిపోయింది, బయటికి రండి అని అర్థం. ఆస్ట్రియాకు పోతే 3 నిమిషాల తిన్నని కూత హెచ్చరిక. రేడియో పెట్టండి, ఏదో రాబోతున్నది అని దాని భావం. అక్కడ 1 నిమిషం ఎక్కి దిగే మోత అసలు ప్రమాదం, 1 నిమిషం తిన్నని కూత ప్రమాదం ముగిసినట్టు. ఫ్రాన్సులో 1 నిమిషం 41 సెకన్ల ఎక్కుదిగుడు మోత, 5 సెకన్ల విరామంతో మూడుసార్లు మోగితే ప్రమాదం. 30 సెకన్ల తిన్నని కూతతో అది ముగుస్తుంది. స్విట్జర్లాండులో ఆనకట్టల దిగువన ఉన్న ఊళ్లకు వేరే గుర్తు ఉన్నది. లావు స్వరంతో 20 సెకన్ల కూతలు 12, మధ్యలో 10 సెకన్ల విరామం. అది వింటే నీళ్లు వస్తున్నాయని, వెంటనే గట్టు ఎక్కాలని అర్థం.

చూశారా, ఒకే తిన్నని కూత లండనులో బయటికి రమ్మన్నది. వియన్నాలో మూడు నిమిషాలు మోగితే జాగ్రత్త పడమంటున్నది. యంత్రం ధ్వని ఇస్తుంది కానీ అర్థం ఇవ్వదు. అర్థం మనుషులు ముందుగా కూర్చొని ఒప్పుకొన్నది. ఇశ్రాయేలులో కూడా అంతే. ఎక్కి దిగే మోత వినపడితే షెల్టరులోకి పోవాలి. హిట్లరు కాలంలో చంపబడిన యూదులను తలుచుకొనే దినాన 2 నిమిషాల తిన్నని కూత మోగుతుంది. అప్పుడు ఎవరూ పరుగెత్తరు, రోడ్డు మీద బండ్లు ఆపి దిగి నిలబడతారు. గాజా సరిహద్దు ఊళ్లకు కూత విన్నాక 15 సెకన్ల సమయమే అని, తెల్ అవీవ్ వారికి 90 సెకన్లు అని అక్కడి పిల్లలకు కూడా నేర్పారు. ఆ తల్లి కొడుక్కి ఆ దేశంలో దిగిన కొత్తలోనే ఇవన్నీ చెప్పారట. అందుకే ఫోన్ పెట్టేసి ముందు చక్రాల కుర్చీ పట్టుకొన్నాడు.

మన పరిశుద్ధ గ్రంథంలో ఈ పాఠం ముందే ఉన్నది. సంఖ్యాకాండము 10వ అధ్యాయం తెరవండి. అరణ్యంలో ఉన్న జనానికి రెండు వెండి బూరలు చేయించారు. రెండూ ఊదితే సమాజమంతా గుడారము వద్దకు రావాలి, ఒకటే ఊదితే ప్రధానులు మాత్రమే రావాలి. ఆర్భాటంగా ఊదితే డేరాలు కదలాలి. కూడి రావడానికి ఊదినప్పుడు ఆర్భాటం చేయరాదని కూడా స్పష్టంగా ఉన్నది. రెండింటికీ తేడా చెడకూడదని కదా! పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఇదే సంగతిని అడుగుతాడు. బూర ధ్వని స్పష్టంగా లేకపోతే విన్నవాడు యుద్ధానికి ఎలా సిద్ధపడతాడు అని ఆయన భావం.

చర్చి గంట కూడా ఒకప్పుడు సైరన్ పని చేయడానికి సిద్ధపడింది. 1940 జూన్‌లో శత్రుసేన దిగుతుందన్న భయంతో ఇంగ్లండులో చర్చి గంటలను ఆరాధనకు మోగించడం ఆపించారు. గంట మోగితే శత్రువు దిగినట్టే అని అర్థం పెట్టారు. రెండేళ్లకు పైగా ఆదివారాలు గంట లేకుండానే గడిచాయి. 1942 నవంబరులో ఎల్ అలమైన్ విజయానికి కృతజ్ఞతగా ఆ గంటలు మళ్లీ మోగాయి. ఒక ధ్వనికి ఒకే అర్థం ఉండాలని వాళ్లు అంత గట్టిగా పట్టుబట్టారు.

అర్థం ఒప్పుకొంటే చాలదు, మరచిపోకుండా చూసుకోవాలి. అందుకే ఫ్రాన్సులోనూ చెక్ దేశంలోనూ నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు సైరన్లను పరీక్షిస్తారు. స్విట్జర్లాండులో ఏటా ఫిబ్రవరి మొదటి బుధవారం పరీక్ష. యంత్రం పనిచేస్తున్నదా అని చూడడం ఒకటి, జనం చెవి మరచిపోకుండా చేయడం రెండు.

జర్మనీ ఈ పాఠాన్ని బాధతో నేర్చుకొన్నది. యుద్ధ భయం పోయిందని సైరన్లను దింపేసిన ఆ దేశం, 2020 సెప్టెంబరు 10న దేశమంతటా హెచ్చరికల పరీక్ష పెట్టింది. ఫోన్లకు రావలసిన సందేశాలు ఆలస్యంగా వచ్చాయి. చాలా ఊళ్లలో మోగడానికి సైరనే లేదు. పరీక్ష విఫలమైందని ప్రభుత్వమే ఒప్పుకొన్నది. మరుసటి ఏడు, 2021 జూలై 14 రాత్రి ఆర్ నది లోయలో వరద వచ్చింది. ఆ ఒక్క లోయలోనే 130 మందికి పైగా చనిపోయారు. చాలామందికి హెచ్చరిక అందలేదు, అందినవారికి వేళ మించిపోయింది. ఆ తరువాత మళ్లీ సైరన్లు పెట్టడానికి డబ్బు ఇచ్చారు.

దూరదేశాల సంగతి మనకెందుకని అనుకోవద్దు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున మన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు రాళ్ల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. పైన లార్జి ఆనకట్ట నుండి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. ప్రాణాలతో బయటపడినవారు తమకు ఏ హెచ్చరికా వినపడలేదన్నారు. ఆ నది సంగతి, ఆ చోటు సంగతి తెలియని పిల్లలు వాళ్లు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుండి స్టైరిన్ అనే విషవాయువు వెలువడింది. జనం గాఢనిద్రలో ఉన్నారు. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. ఫ్యాక్టరీలో సైరన్ ఉన్నది. దాన్ని మోగించే మీటలు 36 చోట్ల ఉన్నా సైరన్ మోగించలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘం తేల్చింది. ప్రియులారా, ఈ మాట దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. అక్కడ ఏ దేశపు ఎంత గొప్ప సైరన్ ఉన్నా ఏం లాభం? నొక్కే చెయ్యి లేకపోయింది.

యెహెజ్కేలు 33వ అధ్యాయంలో కావలివాని బాధ్యత ఇదే. ఖడ్గం రావడం చూసి బూర ఊదకపోతే ఆ రక్తానికి వాడు ఉత్తరవాది. వాడు ఊదినా విన్నవాడు కదలకపోతే ఆ తప్పు విన్నవానిదే. చూసినవానికి ఒక బాధ్యత, విన్నవానికి ఒక బాధ్యత. ఈ రెండింటిలో ఏది తప్పినా బూర ఉత్త లోహమే.

మన సంగతి చూసుకుందాం. మన మెట్‌పల్లి వైపు ఒక పక్క గోదావరి, ఇంకో పక్క శ్రీరాంసాగర్ నుండి వచ్చే కాకతీయ కాలువ. 2022 జూలైలో అవతలి గట్టున కడెం ప్రాజెక్టుకు దాని గేట్లు వదలగలిగినదానికంటే ఎక్కువ వరద వచ్చి, దిగువ పల్లెల వారిని ఖాళీ చేయించిన సంగతి మనం మరువలేదు. పెద్ద ప్రాజెక్టుల దగ్గర గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగిస్తారు. అది వినపడితే బట్టలు ఉతికేవారు, చేపలు పట్టేవారు, పశువులు కడిగేవారు ఆ క్షణమే గట్టు ఎక్కాలి. నదిలో దించిన మోటారును విప్పుకొని వద్దామని లోపలికి దిగినవారు ఉన్నారు. మోటారు మళ్లీ కొనుక్కోవచ్చు. ఇంటి పెద్దను ఎక్కడ కొంటాము?

2025 మే 7న హైదరాబాదులో నాలుగు చోట్ల యుద్ధకాలపు రక్షణ అభ్యాసం చేసి సైరన్లు మోగించారు. అంతకుముందు 2023లో ప్రభుత్వం పరీక్ష కోసం పంపిన హెచ్చరికతో మన ఫోన్లన్నీ ఒక్కసారి బీప్‌మన్నాయి. మంచి పనులే. కానీ పల్లెలో ఫోన్ చార్జింగు లేని ముసలమ్మ ఉంటుంది, పొలంలో ఫోన్ మరచిపోయిన రైతు ఉంటాడు. వాళ్లకోసం మన చేతిలో ఉన్నవాటితోనే మనం కొంత చేయవచ్చు. మాకు తోచినవి చెబుతున్నాము, మీ సంఘ పెద్దలు ఆలోచించండి.

మొదటిది, చర్చి గంటకు ఒక ప్రమాదపు గుర్తు పెట్టుకోండి. ఆరాధన గంట ఎలా కొడతారో అలాగే ఉండనివ్వండి. ఆగకుండా వేగంగా కొడితే ప్రమాదం అని తీర్మానించండి. ఇది ఒక్క సంఘంతో అయ్యే పని కాదు. సర్పంచుతో, గుడివారితో, మసీదువారితో కలిసి కూర్చొని, పంచాయతీ మైకుకూ డప్పు చాటింపుకూ అదే గుర్తు పెట్టండి. వరద వచ్చినప్పుడు మతం అడిగి రాదు.

రెండవది, ఏడాదికి ఒకసారి, మృగశిర కార్తె రాకముందే, ముందుగా చాటించి ఆ గంట కొట్టి చూడండి. ఊరి చివరి ఇంటికి వినపడిందా అని పిల్లలను పంపి కనుక్కోండి. గాలి ఎదురుగా ఉంటే ఎంత దూరం పోతుందో అప్పుడే తెలుస్తుంది.

మూడవది, గంట తాడు ఎవరి చేతిలో ఉంటుందో, ఆయన ఊరికి పోతే ఎవరు కొట్టాలో నిర్ణయించండి. చర్చి తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండకూడదు. ప్రమాదం చూసినవారు పెద్దల అనుమతి కోసం ఇల్లిల్లూ తిరగకూడదు.

నాలుగవది, మంచి మనసుతో కొట్టి, తీరా ప్రమాదం రాకపోతే ఆ మనిషిని తిట్టకండి. ఈసారి తిడితే వచ్చేసారి ఆయన చెయ్యి వెనకాడుతుంది. ఆటకు కొట్టేవాళ్లను మాత్రం ఊరుకోనివ్వకండి. 'నాన్నా పులి' కథ మన పిల్లలందరికీ తెలుసు, దాన్ని మళ్లీ ఒకసారి చెప్పండి. పెళ్లి ఊరేగింపుల్లో డీజే పెట్టెల మీద సైరన్ మోత వేసి గంతులు వేయడం కూడా మంచి అలవాటు కాదు. ఆ మోతకు చెవి అలవాటు పడితే, నిజంగా మోగిన రోజున కాళ్లు కదలవు.

ఐదవది, వినపడనివారి లెక్క రాసుకోండి. చెవిటివారు, మంచం పట్టినవారు, ఒంటరిగా ఉండే ముసలివారు మీ వాడలో ఎవరెవరు? ఒక్కొక్కరికి పక్కింటి యువకుణ్ణి ఒప్పజెప్పండి. గంట వినగానే ఆయన ముందు ఆ తలుపు తట్టి, తరువాతే తన దారి చూసుకోవాలి.

ఈ వ్యాసం పంపే ముందు ఆ తల్లికి చదివి వినిపించాము. కిటికీల డబ్బా సంగతి, మోటారు వేసి ఆపే సంగతి వినేటప్పుడు చిన్నపిల్లలా నవ్వింది. "అట్లనా! గాలేనా అట్ల ఒర్లుడు!" అన్నది. చివరికి వచ్చేసరికి కొంచెంసేపు ఊరుకొన్నది.

"నా కొడుకు అక్కడ ముసలాయనను మోసుకొని ఉరుకుతుండు. మా వాడల నడువరాని ముసలమ్మ ఒక్కతుంటది అన్నా. గంట కొడితే ఆమె దగ్గరికి నేనే పోత. నా పేరు రాసుకోండ్రి" అన్నది.

మేము రాసుకొన్నాము. మీ సంఘంలో అటువంటి పట్టిక మొదలుపెడితే మాకు ఉత్తరం రాయండి. వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం. అందాక ప్రభువు మిమ్మల్ని, దూరదేశాల్లో ఉన్న మీ బిడ్డలను కాపాడునుగాక.